బావ మోటారుకి పీకేసిన నూనె పంపు

రాస్తున్నావా? నా మాటల్ని పుస్తకంలో ఉన్నట్టు నువ్వే సరిచేసుకో, నాకేం అభ్యంతరం లేదు. మిగతా మనుషులు అన్న మాటలు మాత్రం దిద్దకు. వాళ్ళు ఎలా అన్నారో అలాగే ఉండాలి. తిట్లతో సహా.

మొన్న ఐటీఐ చదివే పిల్లలిద్దరు ఇంటికొచ్చి అడిగారు కదా, పాత పడవ మోటారుకి ఆటోమేటిక్ నూనె పంపు ఉంచాలా, పీకెయ్యాలా అని. టీ ఇచ్చి పంపించేశాను. తెలియక కాదు. జవాబు చెప్పాలంటే ముందు నా తప్పొకటి చెప్పాలి. టీ తాగేలోపు అయ్యే తప్పు కాదది. అందుకే ఇప్పుడు నీచేత రాయిస్తున్నాను. వాళ్ళకి పంపించు.

ముప్పై ఏళ్ళు పడవ మోటార్లు విప్పి బిగించాను. శ్రీకాకుళంలో బస్సెక్కి, దిగి ఆటో ఎక్కి, ఆటో చక్రాలు ఇసుకలో కూరుకుపోయిన చోటునుంచి నడిస్తే వచ్చేది మన షెడ్డు. మెకానిక్ మీ తాత. నేను ఆయనకి అన్నం పట్టుకెళ్ళేదాన్ని. ఆయన వేళ్ళు చూశావు కదా, ఒక్కోటీ ఒక్కో అరటిపండు. ఓసారి కార్బొరేటర్ సందులో స్క్రూ జారిపోతే ఆయనకి అందలేదు, నాకు అందింది. పెట్టిన చెయ్యి మళ్ళీ బయటికి తీయలేదనుకో. పదేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో అందరూ మోటారు తెచ్చి నా ముందే దించేవారు.

ఒక్క బావ తప్ప.

బావ అంటే మీ తాతకి అన్న. మోటారు బాగుచేసి ఇస్తే పడవలో పెట్టుకునే ముందు, నా ఎదురుగానే మీ తాతని అడిగేవాడు.

"ఒరే తమ్ముడూ, ఈ నట్టు నువ్వు బిగించినావా, మీ ఆడదా?"

"అదే బిగించినాది."

"అయితే నువ్వింకోసారి బిగించు."

మీ తాత రెంచి తీసుకుని, నట్టుకి ఆనించి, తిప్పకుండా "ఊ" అని మూలిగేవాడు. బావకి తృప్తి. నాకు మంట.

అలాంటి బావ ఉన్న చిన్న మోటారు అమ్మేసి విశాఖ వెళ్ళి, ఎవరో లాంచీ వాళ్ళు వాడి వాడి వదిలేసిన నలభై హార్స్ పవర్ మోటారొకటి తెచ్చుకున్నాడు. బావకీ, అతనితో వేటకెళ్ళే ముగ్గురికీ ఇక అదే ఆధారం. అది పోతే నాలుగిళ్ళలో పొయ్యి మీద చేపల కూర ఉండదు.

మన తీరంలో చిన్న మోటార్లన్నిటికీ పెట్రోల్లోనే నూనె కలిపి పోస్తారు. ఆ నూనె పెట్రోలుతో పాటు లోపలికెళ్ళి పిస్టన్లని తడుపుతుంది. అది లేకపోతే ఇనుమూ ఇనుమూ రాసుకుని, వేడెక్కి, ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. మోటారు పట్టేసిందంటే ఇక దాన్ని మొయ్యడానికి తప్ప దేనికీ పనికిరాదు. బావ తెచ్చిన దానికి మాత్రం పక్కన సొంతంగా చిన్న నూనె తొట్టి, కింద ఒక పంపు. ఉత్త పెట్రోలు పోస్తే చాలు, ఎంత నూనె కావాలో అంత ఆ పంపే లోపలికి పంపుతుంది. తొట్టిలో నూనె తగ్గితే పీ మని కూస్తుంది. మోటారు మరీ వేడెక్కినా కూసేది ఆ కూతే.

ఓ రోజు బావ షెడ్డు ముందు నిలబడి గొప్పలు పోతున్నాడు.

"సూసినావేటే నా మోటారు? ముందు కాస్త పొగొదిలేది. ఇప్పుడదీ మానేసినాది."

నా చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. నూనె కాలితే కదా పొగ వచ్చేది.

"బావా, దాన్నిటు దించు. బేగి."

విప్పి చూస్తే, పంపుని తిప్పే ప్లాస్టిక్ గేరు పళ్ళు ఎలక కొరికిన కొబ్బరిచిప్పలా ఉన్నాయి. ఇంకో నాలుగు రోజులు తిప్పి ఉంటే అంతే సంగతులు. కొత్త గేరు కోసం విశాఖ ఫోన్ చేస్తే, ఆ మోడల్ సామాను రావడం మానేసి చాలా కాలమైందన్నారు.

అక్కడ మొదలైంది మీ తాతకీ నాకూ యుద్ధం.

"ఏదో పాత మోటారులోంచి గేరు సంపాదిద్దాం. అంతవరకు ఆగుదాం. పంపు పీకీకూడదు," అన్నాడాయన.

"పాత మోటారులో గేరు కూడా పాతదే గదా! నడిసముద్దరంలో ఎప్పుడిరుగుతాదో ఎవలికి తెలుసు? పీకేసి పెట్రోల్లో కలుపుకుంటే గేరూ నేదు, గొడవా నేదు. ఊరంతా అలగే కలుపుతన్నారు."

"ఊరికి అలవాటు. అన్నియ్యకి నేదు. గేరరిగితే కంటికి కనబడతాది. మనిసి మతిమరపు కనబడతాదేటే?"

రెండు రోజులు ఇదే. అన్నం దగ్గర కూడా ఇదే. బావ మధ్యలో వచ్చి "మీరిద్దరూ కొట్టుకుని సావండి, నాకు ఎల్లుండికి మోటారు కావాల" అనేసి పోయాడు. చివరికి మీ తాత రెంచి నా ముందు పెట్టేశాడు.

"సరే, పీకు. పేరొచ్చినా నీదే, తిట్లొచ్చినా నీయే."

పీకేశాను. పంపు తీసి, అరిగిన గేరు తీసి, ఆ బొక్క మీద రేకు బిళ్ళ బిగించి, గొట్టాల మూతులు మూసేశాను. పని శుభ్రంగానే చేశాను, ఇప్పటికీ అదే మాటంటాను. తేడా వచ్చింది ఆ తరవాత. తొట్టి ఖాళీగా ఉంటే పీ మని కూస్తుంది. కూత తీగ తెంపేస్తే, రేపు మోటారు వేడెక్కినా కూయదు. ఏం చెయ్యాలా అని ఆలోచించి, తొట్టిని అలాగే ఉంచి నిండా నూనె పోసేశాను. ఆ నూనె ఎక్కడికీ పోదు, ఊరికే నిలవుంటుంది. కూత రాదు, వేడి కనిపెట్టే తీగా బతికే ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బావ వచ్చాక చెప్పాను.

"బావా, ఇకనించి పాతిక లీటర్ల డబ్బాకి ఇదిగో ఈ అర లీటరు సీసా పోసి, బాగా కుదిపి, అప్పుడు మోటారుకి పెట్టు. పెతి డబ్బాకీ."

"అలగే."

"మర్సిపోకు."

"నానేటి మర్సిపోతానే? సిన్నపిల్లడినేటి?"

అంతే. తొట్టిలో నూనె ఉత్తిదని చెప్పలేదు. చెబితే "ఉత్తిదైతే ఎందుకు పోసినావు?" అంటాడు. దానికి జవాబు చెబితే మీ తాతని పిలిచి "ఇది నిజమేనేట్రా?" అంటాడు. ఆ మాట వినడం ఇష్టం లేక నోరు మూసుకున్నాను. ఇది బాగా రాయి. పొగరు అని రాసినా ఫరవాలేదు.

నెల గడిచింది. ఓ సాయంత్రం నేను చేపల గంప పట్టుకుని టీ కొట్టు ముందునుంచి వస్తుంటే బావ గొంతు వినిపించింది.

"నెలయ్యిందిరా! తొట్టిలో నూనె ఏలెడు దిగితే ఒట్టు! మా మరదలు ఏటి సేసినాదో గాని, నా మోటారు నూనె తాగడమే మానేసినాది!"

ఇరవై ఏళ్ళలో బావ నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఇంకోసారి వినబడుతుందేమోనని గంప పట్టుకుని ఆ కొట్టు ముందునుంచి మళ్ళీ నడిచాను. వినబడింది కూడా. అందులో ఉన్న తప్పు మాత్రం రెండుసార్లూ నా చెవికెక్కలేదు.

తరవాత వారంలో ఓ పొద్దున్న. షెడ్డులో కూర్చుని, మోటారుకి నీళ్ళలో తిరిగే ఫ్యాను రెక్క సాపు చేస్తున్నాను. బావ భార్య, అంటే నా పెద్ద తోడికోడలు, మూడు సీసాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఆవిడని నేను అప్పా అంటాను.

"ఒలే, ఈ మందు నీ కాడుంచు. ఇంకెవల మోటారుకైనా పనికొస్తాది."

"మందేటప్పా?"

"అదేనే, పెట్రోల్లో పొయ్యమన్నావు గదా. మీ బావ ఆపేసినాడు. మోటారు కోలుకున్నాదంట. తొట్టిలో దాని తిండి దానికి నిండా ఉన్నాది, నెల్లాళ్ళు మందు కూడా వాడినాం, ఇంకెందుకన్నాడు."

నేను అది ఎందుకు పొయ్యాలో చెప్పకపోతే, బావ సొంతంగా ఒక కారణం కట్టుకున్నాడన్నమాట. తొట్టిలోది అన్నం, సీసాలోది మందు. జ్వరం తగ్గాక మాత్రలు ఎవరు మింగుతారు?

"ఎప్పుడాపినాడు?"

"ఇయ్యాలే. ఉత్త పెట్రోలే అట్టుకెల్లినాడు."

"ఎల్లిపోనాడా?"

"తోస్తన్నారు. అదేటే, అలగ సూస్తావు?"

ఒక సీసా పట్టుకుని లగెత్తాను. ఆ ఇసుకలో పరుగంటే కలలో పరుగులాంటిది, కాళ్ళు ఆడతాయి గాని దూరం తరగదు. నేను ఒడ్డుకి చేరేసరికి పడవ మొదటి అల మీద లేస్తోంది.

వేటకెళ్ళే పడవని వెనకనుంచి పిలవకూడదు. మా తీరంలో ఆ పట్టింపు ఎంత గట్టిదంటే, అన్నం డబ్బా ఇంట్లో మర్చిపోతే ఆ పూటకి పస్తుంటారు గాని వెనక్కి తిరగరు. తెలిసే పిలిచాను.

"బావా! ఆగు!"

నాలుగు వీపులు బిగుసుకున్నాయి. ఒక్క తలా తిరగలేదు.

"బావా! మోటారు ఆపు!"

మోటారు ఇంకా గట్టిగా అరిచింది. దోషం నుంచి దూరంగా పారిపోవాలి కదా, వేగం పెంచాడు. నేను అరిచిన కొద్దీ అతను పెంచుతున్నాడు, అతను పెంచిన కొద్దీ లోపల ఇనుము ఎండిపోతోంది. మోటారుని చంపుతున్నది నా గొంతే.

ఈలోగా మీ తాత వచ్చి నా నోరు మూశాడు. నిజంగానే, గ్రీజు చేత్తో.

"అరవకే! నువ్వరిసిన కొద్దీ ఆడు లాగిస్తన్నాడు."

"మరేటి సేద్దాం? లోపల సుక్క నూనె నేదు!"

ఆయన ఒక్క క్షణం సముద్రం వైపు చూశాడు.

"ఎనకనించి పిలిస్తే ఆగడు. ఎదరనించి రావాల. ఎక్కు."

మోటార్లు బాగుచేశాక పరీక్షించడానికి మాకో చిన్న పడవ ఉండేది. దాన్ని చూపించి ఎక్కమంటున్నాడు. ఆడది పడవ ఎక్కకూడదన్నది ఇంకో పట్టింపు. ఒకటి తొక్కేశాను కదా, రెండోది ఎంత? అసలు భయం వేరే. ఇరవై ఏళ్ళుగా ఊరి మోటార్లన్నీ సముద్రంలోకి పంపినదాన్ని, నేను మాత్రం మోకాలి లోతు దాటలేదు.

మొదటి అలకి తడిశాను. రెండో అలకి పొద్దున్న తాగిన గంజి బయటికొచ్చింది. మూడో అలకి నిన్నటిది. సీసా మాత్రం వదల్లేదు. మీ తాత వెనకనుంచి "ఆ పక్కకి కక్కు, గాలి ఇటున్నాది" అంటున్నాడు. అంత ప్రేమ.

అలలు దాటాక చూస్తే బావ పడవ ఆగి ఉంది. పట్టేసిందనుకున్నాను.

పట్టెయ్యలేదు. అలలు దాటగానే మోటారు ఆపి, అగరొత్తి వెలిగించి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టడం బావకి అలవాటు. దండం కాస్త పొడుగు. చుట్టుపక్కల అమ్మవార్లందర్నీ పేరుపేరునా పిలుస్తాడు. ఆ రోజు వెనకనుంచి పిలుపు పడింది కాబట్టి, దోషం పోవాలని ఇంకో నలుగుర్ని కలిపాడట. ఆ నలుగురు తల్లులే కాపాడారు. మేము చుట్టు తిరిగి వాళ్ళకి ఎదురుగా వచ్చేసరికి బావ దండం ముగించి, మోటారు లాగే తాడు మీద చెయ్యి వేస్తున్నాడు.

లేచి నిలబడి సీసా పైకెత్తాను.

"బావా! తాడు ముట్టకు!"

బావ నోరు తెరుచుకుపోయింది.

"ఓలమ్మో! ఒడ్డున అరిసింది నువ్వేనేటే?"

"అదొగ్గీ. ఇప్పుడు ఎదరే వచ్చినాను, సూసుకో."

"ఆడదానివి పడవెక్కినావేటే? ఒరే తమ్ముడూ, అది ఎక్కితే నీకైనా బుద్ది నేదేట్రా?"

"తిట్లు తరవాత, అన్నియ్యా," అన్నాడు మీ తాత. "ముందు దాన్ని మోటారు కాడికి రానీ."

ఆ పడవలోకి దాటుతుంటే వాళ్ళలో ఒకడు చెయ్యి అందించాడు. ముట్టుకోకూడదని చేతి మీద తువ్వాలు కప్పుకుని మరీ అందించాడు. మూత తీస్తే వేడి మొహానికి కొట్టింది. కొంగున ముడేసుకున్న రెంచితో ప్లగ్గులు విప్పి, ఒక్కో బొక్కలో ఒక్కో మూతెడు నూనె పోసి, పైనున్న చక్రం చేత్తో తిప్పాను.

కదల్లేదు.

బావ నా మొహం వైపు కాదు, నా చేతుల వైపు చూస్తున్నాడు. కొద్దిసేపు ఆగి మళ్ళీ తిప్పాను. సగం తిరిగి ఆగింది. ఇంకో మూతెడు పోశాను. లోపలికి దిగనిచ్చి మళ్ళీ తిప్పితే గరగరమంది. ఆ తరవాత మెల్లగా, మెత్తగా పూర్తిగా తిరిగింది.

"బతికున్నాదేటే?" అన్నాడు బావ గుసగుసగా, ఆస్పత్రిలో అడిగినట్టు.

"ఉన్నాది."

మిగిలిన నూనె డబ్బాలో పోసి కుదిపి, ప్లగ్గులు బిగించాను. నా నట్టు మీద మీ తాత చెయ్యి వెయ్యమని ఆ రోజు ఎవరూ అడగలేదు. బావ తాడు లాగాడు. రెండు లాగుళ్ళకి అంటుకుని, మా అందరి మొహాలూ కనబడనంత తెల్లటి పొగ వదిలింది. అంత కమ్మటి పొగ నేను మళ్ళీ పీల్చలేదు. వాళ్ళు వేటకెళ్ళిపోయారు. నన్ను మీ తాత ఒడ్డుకి తెచ్చాడు. తిరుగుదారిలో కక్కడానికి ఏమీ మిగల్లేదు.

ఆ రోజు చేపలు మామూలుగానే పడ్డాయి. అప్ప గంపలు నేను కళ్ళారా చూశాను. కానీ రెండు రోజుల్లో టీ కొట్టు దగ్గర కథ వేరుగా నడుస్తోంది. మరదలు సీసా ఎత్తి అమ్మవారిలా ఎదురొచ్చిందట, వల లాగలేనంత బరువు పడిందట. నూనె సంగతి ఆ కథలో ఎక్కడా లేదు.

మీ తాతని అడిగాను, "తిట్లొస్తే నావే అన్నావు గదా. రానేదే?" అని.

"అన్నియ్య పొగుడుతన్నాడు. అది ఇంకా కష్టం," అన్నాడాయన. ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండేది.

ఆ మర్నాడు బావ మోటారు తెచ్చి, మీ తాత ముందు కాదు, నా ముందు దించాడు. ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన రోజు. అదే రోజు చెప్పాల్సి వచ్చింది.

"బావా, తప్పు నాది. ఆ తొట్టిలో నూనె ఉత్తిది. నీకు సెప్పనేదు."

బావ చుట్టూ చూశాడు.

"గట్టిగా అనకే! నీకు తప్పులొస్తాయని తెలిస్తే నా మోటారింక ఎవలికియ్యాల? శ్రీకాకులం మోసుకెల్లాలేటి?"

"మొయ్యక్కర్నేదు. కూకో. మొత్తం సెప్తాను."

తిరగేసిన గంప మీద కూర్చున్నాడు. అప్ప కూడా వచ్చింది. అరిగిన గేరు బావ చేతిలో పెట్టాను, పీకేసిన పంపు అప్ప ఒళ్ళో పెట్టాను. నూనె ఎక్కడ పుడుతుందో, ఎటెళ్తుందో, ఇప్పుడు ఏ దారి మూసుకుపోయిందో వేలితో చూపించాను. అందరికంటే ముందు అప్పకి వెలిగింది.

"అయితే ఆ తొట్టి ఉత్త బొమ్మేటే?"

"బొమ్మే, అప్పా."

"మరెందుకు ఉంచినావు? తీసి పారెయ్!"

తీసేశాను. వేడికి మాత్రం కూత వచ్చేలా తీగలు మార్చి కట్టాను. మొదటే చెయ్యాల్సిన పని. డబ్బా మీద రంగుతో "నూనె కలిపాం" అని రాద్దామా అంటే అప్ప నన్ను కిందికీ పైకీ చూసింది.

"కలపని రోజునా అదే ఉంటాది గదే, ఎర్రిదానా! నూనె నానే పోస్తాను. పోసినాక పిడికి ఎర్రగుడ్డ కడతాను. డబ్బా ఖాళీ అయితే విప్పి నాకియ్యాల. గుడ్డ నేని డబ్బా గడప దాటదు."

ఇదమ్మా, పిల్లలకి చెప్పాల్సింది. గేరు బాగుండి సామాను దొరుకుతుంటే పంపు ఉంచండి, అది మనకన్నా బాగా గుర్తుపెట్టుకుంటుంది. అరిగిపోయి సామాను దొరక్కపోతే పీకెయ్యండి, భయం లేదు. పీకేస్తే మాత్రం దాని గుర్తులన్నీ పీకెయ్యండి. పని చెయ్యనిది పని చేస్తున్నట్టు కనబడుతూ ఉండకూడదు. ఇకనుంచి ఆ పని ఏ మనిషి చేస్తాడో ఆ మనిషిని కూర్చోబెట్టి, ఎందుకో చెప్పండి. చెప్పాక వాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకోండి.

బావ చేత కూడా చెప్పించాను. అరిగిన గేరు అరచేతిలో దొర్లించుకుంటూ, పెట్రోలుతో పాటు నూనె ఎలా వెళ్తుందో, అది లేకపోతే ఏమవుతుందో ఒక్క ముక్క తప్పకుండా అప్పజెప్పాడు. ఎంతసేపు పట్టిందనుకున్నావు? ఒక చుట్ట కాలేంత సేపు. చెప్పడం ముగించి గేరు నా చేతిలో పెట్టి, నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇంతేనేటే? ఈ ముక్క ఆ రోజే సెప్పుంటే, నువ్వు నడిసముద్దరంలోకొచ్చి కక్కుకునే పని నేకపోను గదా!"